పెట్టె ఎక్కిన ఎండాకాలం

జాషువా గుండెకు స్టెంటు పడ్డ నాలుగో నెలలో, మార్చి మొదటి సోమవారం పొద్దున, విజేందర్ తన జిమ్ములోకి ఒక చెక్క పెట్టె తెచ్చి పెట్టాడు. మోకాలి ఎత్తున్న పెట్టె. నాలుగు పక్కలా మందపాటి ప్లైవుడ్, పైన కాలు జారకుండా నల్లటి రబ్బరు పట్టా. దాన్ని ట్రెడ్‌మిల్లు పక్కన పెట్టి, కాలితో తన్ని కదలడం లేదని చూసుకుని, "అన్నా, ఇగ నీ మెట్లు వచ్చినయ్" అన్నాడు.

నేను గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. చేతి సంచిలో నీళ్ల సీసా, తువ్వాల, వేలికి పెట్టి నాడి చూసే ఆక్సిమీటరు ఉన్నాయి. నాలుక కింద పెట్టే మాత్రల పట్టీ మాత్రం కుడి పిడికిట్లో ఉంది. దాన్ని సంచిలో వేసేదాన్ని కాదు. జిప్పు తీసేలోపల ఏమైనా అయిపోతే అని భయం.

"ఏం మెట్లు?" అన్నాను.

జాషువా నా వైపు చూడకుండా మెడ మీది చెమట తుడుచుకున్నాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారని అర్థమైంది.

మా ఆయన జాషువా మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా టవర్ మీద పని చేస్తున్నాడు. సున్నపురాయి పొడిని కొలిమిలోకి పోకముందు వేడిచేసే టవరు అది. ఊళ్లో ఏ మూలన నిలబడ్డా కనిపిస్తుంది. దానికి లిఫ్టు ఉంది. కానీ కరెంటు పోయినా, పైన గొట్టాల్లో పొడి గడ్డకట్టినా లిఫ్టు కోసం నిలబడరు, మెట్ల మీద ఉరుకుతారు. నవంబరులో ఆయనకు గుండెపోటు వచ్చి, హైదరాబాదులో స్టెంటు వేయించుకుని వచ్చాక, కంపెనీవాళ్లు ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెట్టి, వచ్చే లారీల నంబర్లు రాయమన్నారు. జూన్ పదిహేనున పరీక్ష పెడతామన్నారు. కంపెనీ డాక్టరు ముందర ఆరో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కితే మళ్లీ టవరు. ఎక్కలేకపోతే గేటే.

అప్పటి నుంచి పెయింట్ల దుకాణం పైనున్న ఈ చిన్న జిమ్ముకు రోజూ అయిదున్నరకు వస్తున్నాం. ఇరవై నిమిషాలు ట్రెడ్‌మిల్లు మీద నడక, పది నిమిషాలు సైకిలు. డాక్టరు చెప్పింది అంతే. ఆ ముప్పై నిమిషాలకు నేను అలవాటు పడ్డాను. ఎన్నో నిమిషంలో ఆయన చెవులు ఎర్రబడతాయో, ఎన్నో నిమిషంలో నోరు తెరుస్తాడో నాకు తెలుసు. ఇప్పుడు ఈ పెట్టె.

ఇంటికొచ్చాక జొన్నరొట్టె చేస్తూ మొదలుపెట్టాను. "గేటు కాడ కూసుంటె ఏమైతది నీకు? నీడ పట్టున ఉంటవ్. టైముకు వస్తవ్."

"నీడనే" అన్నాడు.

"మరి?"

"ఎస్తేరూ, నిన్న ఒక లారీ డ్రైవరు నన్ను తాతా అన్నడు. నా కంటె వాడే పెద్దోడు." ఆయన నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "పైన నిలబడి చూస్తె కృష్ణ కనపడ్తది నాకు. ఇరవై రెండేండ్లు చూసిన. ఇప్పుడు లారీల ముడ్లు చూస్తున్న."

నేను రొట్టె తిప్పడం మరిచిపోయాను. అది మాడింది. మాడిన రొట్టెనే ఆయన పెట్టించుకుని తిన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను టీచరుగా చేసే అంగన్‌వాడీలో పిల్లలు నిద్రపోయాక హైదరాబాదు డాక్టరుకు ఫోను చేశాను. డాక్టరైనా వద్దంటాడనే చేశాను. ఆయన అనలేదు. "ఎక్కనివ్వండమ్మా. అయిదుతో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచండి. బరువులు ఎత్తొద్దు. నాడి నూట ఇరవై దాటితే ఆపాలి" అన్నాడు. ఇక పెట్టేస్తాడనుకుంటే, "మీరు కూడా కొంచెం తక్కువ భయపడండి" అన్నాడు.

అది నా చేతిలో ఉందా?

మార్చి అంతా అలా గడిచింది. కుడికాలు పైకి, ఎడమకాలు పైకి, కుడికాలు కిందికి, ఎడమకాలు కిందికి. అది ఒకటి. నేను పైకి లెక్కపెట్టేదాన్ని. అయిదు, ఎనిమిది, పది. ఆయన పెట్టె మీద నిలబడ్డ ప్రతిసారీ తల పైనున్న ఫ్యానుకు దగ్గరగా పోయేది, నేను మాత్రల పట్టీ గట్టిగా పట్టుకునేదాన్ని. ఇంట్లో స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగితే తలుపు కొట్టేదాన్ని. ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆయన కునుకు తీస్తే, గడపలో నిలబడి రొమ్ము లేస్తోందా లేదా అని చూసేదాన్ని. అంగన్‌వాడీలో ఉండగా ఫ్యాక్టరీ వైపు అంబులెన్సు పోయిందంటే, చెప్తున్న పాట ఆగిపోయేది. పిల్లలు తర్వాతి మాట కోసం నా నోట్లోకి చూసేవాళ్లు.

గుడ్ ఫ్రైడే పొద్దున పద్నాలుగోది ఎక్కబోతూ ఆయన ఆగాడు. పెట్టె అంచున చెయ్యి వేసి, మెల్లగా నేల మీద కూర్చున్నాడు. పెదవులు సున్నం రంగులో ఉన్నాయి.

నాకు గుర్తున్నది మాత్ర ఆయన నాలుక కింద పెట్టడం ఒక్కటే. విజేందర్ ఫ్యాను కింద పడుకోబెట్టాడు, కాళ్లు ఎత్తి పెట్టె మీదే పెట్టాడు. నేను ఆయన చెంపలు కొడుతూ ఏసయ్యా, ఏసయ్యా అంటున్నాను. కొంచెంసేపటికి ఆయన కళ్లు తెరిచి, "కొట్టకే" అన్నాడు.

"నొస్తాందా? ఎడమ చెయ్యి నొస్తాందా?"

"చెంప నొస్తాంది."

విజేందర్ ఆక్సిమీటరు చూసి, "నాడి మంచిగనే ఉన్నదక్కా" అన్నాడు. తర్వాత జాషువాను అడిగాడు. "అన్నా, ఏమన్న తిన్నవా?"

తినలేదు. నిన్న పొద్దుటి నుంచి తినలేదు. ఫ్యాక్టరీ క్యాంటీనులో తిన్నానని నాతో చెప్పింది అబద్ధం. మందులు వేసుకుంటున్నవాడు ఉపవాసం ఉండొద్దని డాక్టరు చెప్పినా, పండుగ ముందు ఉండాలనుకున్నాడు. ఆ టవర్ కోసమే ఉన్నాడని నాకు తెలుసు. ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకెళ్లి ఈసీజీ తీయించాం. అంతా బాగానే ఉందన్నారు. అయినా వారం రోజులు ఆయన్ని జిమ్ము మెట్లు ఎక్కనివ్వలేదు.

తిరిగి వెళ్లిన రోజు విజేందర్ నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు, హైదరాబాదులో పెద్ద జిమ్ముల్లో నేర్పి వచ్చినవాడు. నా ముందు మాత్రం కొంచెం నసుగుతాడు.

"అక్కా, కోపం చేసుకోకు. నువ్వు గిట్ల పిడికిలి బిగబట్టి చూస్తుంటె, అన్నకు కాలు లేస్తలేదు. మనిషి మెట్టు మీద ధ్యాస పెడ్తలేడు, నీ మొఖం మీద పెడ్తున్నడు."

"నేను రావొద్దంటవా?"

"రా. వచ్చి నువ్వు గూడ ఎక్కు. అన్నది ఒక వంతు, నీది ఒక వంతు. మార్చి మార్చి. నీకు లెక్కపెట్టినట్టు ఉంటది, అన్నకు దమ్ము తీసుకునే టైము దొరుకుతది."

జాషువాకు ఆ మాట బాగా నచ్చింది. "ఎక్కు ఎస్తేరూ. రోగం నాకు గాని నీకేమున్నది" అన్నాడు.

ఆయన్ని ఎక్కించడానికి హైదరాబాదు డాక్టరును అడిగాం. నన్నెక్కించడానికి ఎవర్నీ అడగలేదు. నాకేం రోగమని?

మేలో అంగన్‌వాడీకి సెలవులిచ్చారు. కోదాడలో డిగ్రీ చదువుతున్న మా బిడ్డ నిరోష ఇంటికొచ్చింది. దాని పాత ట్రాక్ ప్యాంటు తొడుక్కుని, పైన నా పొడుగు కుర్తా వేసుకుని, చున్నీ నడుముకు బిగించి పెట్టె ముందర నిలబడ్డాను. ముప్పై తొమ్మిదేళ్లు వచ్చాక ప్యాంటు తొడగడం అదే మొదటిసారి. నిరోష ఫోటో తీస్తానని వెంట వచ్చింది.

ఒకటి, రెండు, మూడు. జాషువా లెక్కపెట్టాడు. నాలుగుకు నా చెవుల్లో ఏదో దడదడ కొట్టుకుంది. ఆరు ఎక్కి దిగి, గోడ పట్టుకుని దగ్గాను.

"ఫస్టు రోజు గంతే ఉంటదక్కా" అన్నాడు విజేందర్.

"సిమెంటు దుమ్ము" అన్నాను. ఈ ఊళ్లో ఏ దగ్గు వచ్చినా అందరం అదే అంటాం.

ఆయన వారం దాటేసరికి ఇరవైకి వచ్చాడు. పద్దెనిమిది దాటాక విజేందర్ చప్పట్లు కొట్టేవాడు. ఆయన ముఖంలో రంగు వచ్చింది. నడకలో పాత ఊపు వచ్చింది. ఇంట్లో ఫ్యాక్టరీ కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. నేను మాత్రం ఆరు దగ్గర ఉన్నాను. ఒకరోజు ఏడు. మర్నాడు మళ్లీ ఆరు. తర్వాత అయిదు. దాన్ని నేను పట్టించుకోలేదు. నా కళ్లు ఆయన కాళ్ల మీద ఉండేవి. నా వంతు అయిపోగానే గోడకు ఆనుకుని, దమ్ము తీసుకుంటూనే ఆయన వంతు లెక్కపెట్టేదాన్ని.

పదకొండో రోజు నేను నాలుగు ఎక్కి ఆగాను.

విజేందర్ ఫ్యాను పెద్దగా పెట్టి వచ్చి, "అక్కా, ఒక మాట అడగాల్నా?" అన్నాడు.

"అడుగు."

"పది రోజులు చేస్తె ఎవలకైనా పెరుగుతది. అరవై ఏండ్లోళ్లకు గూడ పెరుగుతది. నీకు తగ్గుతాంది."

"నాకు రక్తం తక్కువ" అన్నాను. "గర్భిణీలకు ఇచ్చే ఐరన్ గోలీలు ఉంటయి కదా మా దగ్గర, అప్పుడప్పుడు వేసుకుంట."

జాషువా పెట్టె దిగాడు. నా సంచి తెరిచి, ఆక్సిమీటరు తీసి, తువ్వాలతో తుడిచి, నా వేలికి పెట్టాడు. దాని మీద అంకె నూట నలభై ఎనిమిది.

"చెడిపోయినట్టున్నది" అన్నాను.

ఆయన దాన్ని తన వేలికి పెట్టుకున్నాడు. ఇరవై రెండు మెట్లు ఎక్కి దిగినవాడికి నూట నాలుగు. మళ్లీ నా వేలికి పెట్టాడు. నూట నలభై ఆరు.

"ఎప్పటిసంది?" అన్నాడు.

"ఏది ఎప్పటిసంది?"

"గీ ఆయాసం ఎప్పటిసంది ఎస్తేరూ?"

ఎప్పటి నుంచి అని నన్ను నేనే అడగలేదు ఎప్పుడూ. నీళ్ల ట్యాంకు దాకా పోయి వచ్చేటప్పుడు మధ్యలో బిందె దించడం ఎప్పుడు మొదలైంది? పిల్లలకిచ్చే బాలామృతం పిండి సంచి లోపలికి మోయడానికి ఆయాను పిలవడం ఎప్పుడు మొదలైంది? వెల్లకిలా పడుకుంటే దగ్గొస్తుందని రెండు దిండ్లు పెట్టుకోవడం పోయిన సంవత్సరమా, అంతకు ముందా?

"రెండేండ్లు ఉండొచ్చు" అన్నాను.

ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను రోజూ కూర్చున్న కుర్చీనే. తను నా ముందర పెట్టె మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, లోపలికి పోయి వచ్చే నా ఊపిరిని చూస్తూ ఉండిపోయాడు. నేను ఆయన్ని ఎలా చూసేదాన్నో ఆ రోజు తెలిసింది. అలా చూస్తుంటే నిజంగానే కాలు లేవదు.

సూర్యాపేటలో గుండె స్కానింగ్ తీసిన డాక్టరమ్మ మా నిరోష కంటే కొంచెం పెద్దది అంతే. నా రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత అడిగింది. "చిన్నప్పుడు ఎన్నడన్నా జ్వరమొచ్చి కీళ్లు వాచినయా?"

వాచాయి. హాస్టల్లో అయిదో తరగతిలో ఉండగా. మోకాళ్లు గుమ్మడికాయల్లా అయితే వార్డెను ఇంటికి పంపింది. మా అవ్వ ఆముదం రాసి, వెచ్చటి గుడ్డలు కట్టింది. పదిహేను రోజులకు తగ్గింది. మళ్లీ బడికి పోయాను. ముప్పై ఏళ్ల కింద సంగతి.

"ఆ జ్వరం గుండె మీద పడ్డదమ్మా. గుండెలో ఒక తలుపు ఉంటది, వాల్వు అంటం. అది బిగుసుకపోయింది. రక్తం ఎదురు తన్ని ఊపిరితిత్తులల్ల నిలబడ్తాంది. మీరు ఎక్సర్సైజు ఏం చేస్తున్నరు?"

జాషువా పెట్టె సంగతి చెప్పాడు. ఆమె తల పట్టుకుంది. "ఇంక ఒక్క మెట్టు గూడ ఎక్కొద్దు. కానీ మీరు ఆ పెట్టె ఎక్కకపోయుంటె ఇంకో ఏడాది గూడ రాకపోదురు. అప్పటికి నేను చేసేది ఏముండకపోవు" అన్నది.

తొడ దగ్గర నరం గుండా బెలూను పంపి ఆ తలుపు తెరవొచ్చన్నది. హైదరాబాదు సర్కారు దవాఖానకు రాసిచ్చింది. ఆమె అక్కడికి ఫోను చేసి మాకు అడిగిచ్చిన తేదీ, చేరడానికి జూన్ పద్నాలుగు. చేసేది పదిహేను.

సూర్యాపేట నుంచి వచ్చే బస్సులో నేనే ముందు అన్నాను. "నేను నిరోషను తీసుకొని పోత. నువ్వు పరీక్షకు పో. మూడు నెలలు కష్టపడ్డవ్."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "సరే" అన్నాడు.

ఆ "సరే" నాకు గుచ్చుకుంది. పొమ్మన్నది నేనే అయినా. ఆ తర్వాతి రోజులన్నీ నాకు రెండు భయాలు. ఆయన అక్కడ మెట్లెక్కుతూ పడిపోతాడని, నేను హైదరాబాదులో ఆపరేషన్ బల్ల మీద నుంచి లేవకుండా పోతానని. రెండూ ఒకే రోజు, ఒకే గంటకు. మధ్యలో నిరోష ఒక్కతే ఎటు ఉరుకుతుంది?

పదమూడో తారీఖు నేను బట్టలు సర్దుతుంటే ఆయన తన రెండు అంగీలు తెచ్చి అదే సంచిలో పెట్టాడు. "సేఫ్టీ ఆఫీసరుతోని మాట్లాడిన. మల్ల డిసెంబరుల పెడ్తరట" అన్నాడు.

"ఎప్పుడు మాట్లాడినవ్?"

"సూర్యాపేట నుంచి వచ్చిన దినమే."

"మరి సరే అంటివి?"

"బస్సుల అందరు చూస్తుండంగ నీతోని ఏం కొట్లాట పెట్టుకోను."

ఆయన మెట్లు డిసెంబరులోనే ఎక్కాడు. ఆ రోజు నేను పిల్లలకు గుడ్లు ఒలుస్తున్నాను. ఆరో అంతస్తు నుంచి ఆయన ఫోను చేసేదాకా, పరీక్ష ఆ పొద్దున్నే అన్న సంగతి నాకు గుర్తే లేదు.

కానీ జూన్ పదిహేనున అవేమీ తెలియవు. స్ట్రెచరు మీద లోపలికి తోస్తుంటే నిరోషను పిలిచి మాత్రల పట్టీ దాని చేతిలో పెట్టాను. "నాయిన జేబుల పెట్టకు. నీ చేతిలనే పట్టుకో."

"అమ్మా, ఆపరేషన్ నీకు" అన్నది నిరోష. అని ఏడ్చింది.

లోపల మత్తివ్వలేదు, తొడ దగ్గర మాత్రం మొద్దుబారేలా సూది వేశారు. తల పక్కన తెర మీద నా గుండె నల్లగా కొట్టుకుంటోంది. దాన్ని చూడలేక కళ్లు మూసుకున్నాను. ప్రార్థన చేద్దామంటే మాటలు వరుస తప్పుతున్నాయి. డాక్టర్లు అంకెలు చెప్పుకుంటున్నారు. ఒకచోట వాళ్లు మాటలు ఆపేశారు. బయట ఆయన నిలబడి ఉన్నాడా, కూర్చున్నాడా, ఏమన్నా తిన్నాడా. నా గుండెలో వాళ్ల తీగ ఉండగా నేను అది ఆలోచించాను.

"తెరుచుకుంది" అన్నాడు పెద్ద డాక్టరు. "అమ్మా, గట్టిగా గాలి పీల్చండి."

పీల్చాను. గాలి లోపలికి పోయింది. ఇంకా పోయింది. ఇంకా జాగా ఉంది.

మూడో రోజు ఇంటికి పంపారు. మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది తప్పకుండా వేయించుకోవాలన్నారు, బరువులు ఎత్తొద్దన్నారు. నిరోష పరీక్షలని కోదాడలో దిగిపోయింది. అక్కడ బస్సు మారి, మేము మేళ్లచెరువు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. తొలకరి పడ్డట్టుంది, పత్తి చేలల్లో మనుషులు విత్తనాలు పెడుతున్నారు. నేను ఆయనకు వార్డు సంగతులు చెప్తున్నాను. పక్క మంచం మీది పెద్దమ్మ కొత్తకోట నుంచి వచ్చిందని, ఆమెకు ముగ్గురు కోడళ్లని, ముగ్గురూ వంతులవారీగా వచ్చి ఒకరి మీద ఒకరు చెప్పుకునేవాళ్లని, చివరికి ఆమె నర్సమ్మను తనను ఇంకో వారం అక్కడే పెట్టుకోమని బతిమాలిందని.

చెప్తూ చెప్తూ చూస్తే ఆయన కథ వినడం లేదు. నన్నే చూస్తున్నాడు.

"ఏంది?" అన్నాను. "నొస్తాందా?"

"లేదు."

"మరి ఏంది?"

"నువ్వు మధ్యల ఆగకుంట మాట్లాడుతున్నవ్" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. ఇన్నేళ్లూ నేను ఆగి ఆగి మాట్లాడేదాన్నని నాకు ఎవరూ చెప్పలేదు. ఆయనకు కూడా అప్పుడే తెలిసినట్టుంది. బస్సు చింత్రియాల దారి దాటి మలుపు తిరిగింది. ఆయన ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకుని, తల దించుకున్నాడు. తర్వాత ముఖం తుడుచుకున్నాడు.

"ఆపకు" అన్నాడు. "మల్ల ఆ పెద్దమ్మ ఏమన్నది?"